ఏడో పేజీ

ఆ వేసవిలో మా ఎడిటర్ గారు కంటి ఆపరేషన్ చేయించుకోకపోతే ఇదంతా జరిగేదే కాదు. మా వారపత్రికలో ఏ కథ పడాలన్నా ముందు ఆయన చదవాల్సిందే. ఇంకొకరి అభిప్రాయం ఆయనకి ఇంకొకరి దువ్వెన లాంటిది, తల దగ్గరికి రానిచ్చేవాడు కాదు. అలాంటి మనిషిని డాక్టరు రెండు నెలలు అక్షరం ముట్టుకోవద్దన్నాడు. కంటికి పచ్చ గుడ్డ వేలాడేసుకుని నన్ను తన గదిలోకి పిలిచాడు.

"అమ్మాయ్, ఈ రెండు నెలలూ కథలు నువ్వూ మీ నాన్నా ఎంచండి. మీ నాన్న సరేనన్న కథని నేను కళ్ళు మూసుకుని వేసేస్తాను" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "ఎలాగూ మూసుకునే ఉండాలనుకో" అని తనే నవ్వాడు.

నాన్న అదే ఆఫీసులో ముప్పై అయిదేళ్ళు ప్రూఫులు దిద్దాడు. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీ నాకొచ్చింది. కుర్చీతో పాటు రోగం కూడా వచ్చిందనుకోండి. మందు సీసా మీద చీటీ చదివినా, కొట్టు మీద బోర్డు చదివినా, మా ఇద్దరికీ ముందు తప్పు కనబడుతుంది, తర్వాతే విషయం. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మేం వినం, దిద్దుతాం. మా ఇంటికి చుట్టాలు ఎందుకు తక్కువగా వస్తారో మాకు తెలియక కాదు.

ఇంట్లో మేమిద్దరమే. నాకు ఐదేళ్ళప్పుడు మా అమ్మ వెళ్ళిపోయింది. చనిపోలేదు, వెళ్ళిపోయింది. ఈ రెండు మాటలకీ ఉన్న తేడా నాకు తెలిసినంతగా ఏ నిఘంటువుకీ తెలియదు. నాన్న ఆమెని ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. ఆయన అనని మాటలన్నీ మనసులో నేనే అనుకున్నాను, ఆయన వాటా కూడా కలిపి.

ప్రతి శనివారం సంచీ నిండా కవర్లు ఇంటికి తెచ్చేదాన్ని. నాన్న కిటికీ దగ్గర కూర్చుని ముందు చదివేవాడు. తిప్పి పంపాల్సినవి ఎడమవైపు, బాగున్నవి కుడివైపు. కుడివైపు పెట్టినవి నేను చదివి, ఆకుపచ్చ సిరాతో తప్పులు దిద్ది, సోమవారం కంపోజింగుకి ఇచ్చేదాన్ని. మొదటి రెండు వారాలూ ఎడమవైపు కుప్ప బల్ల దాటి కింద పడింది, కుడివైపు రెండే కథలు. మూడో శనివారం ఒక కవరు విప్పి ఆయన చాలాసేపు చదివాడు. పక్కన టీ చల్లారి మీగడ కట్టింది.

"ఏంటి నాన్నా, అంత బాగుందా?"

"బాగుంది."

"ఎవరు రాశారు?"

"ఎవరో హాస్టల్ వార్డెనట. పేరు వేయొద్దని రాసింది" అని లేచి, ముఖం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. వెళ్ళినవాడు తొందరగా రాలేదు. ఎండకి తలనొప్పి వచ్చిందేమో అనుకున్నాను. వచ్చాక కాగితాలు సర్ది కుడివైపు పెట్టాడు. నేను తీసి చదివాను. ఆరు పేజీలు.

కథ చిన్నదే. గడియారాలు బాగుచేసే ఒకతను, భార్య, చిన్న పిల్ల. అతను కొట్టడు, తిట్టడు. పగలంతా భూతద్దం పెట్టుకుని గడియారాల్లో లోపాలు వెతికి, ఇంటికొచ్చి భార్య మాటల్లో వెతుకుతాడు. ఆమె ఏం చెబుతున్నా చివరిదాకా వినడు, మధ్యలోనే సరిచేస్తాడు. ఒక మధ్యాహ్నం ఆమె ఏదో ముఖ్యమైన మాట చెబుతుంటే అలాగే అడ్డొస్తాడు. ఆమె మాట ఆపేస్తుంది. తాళం చెవి మేకుకి తగిలిస్తుంది. సంచి తీసుకుంటుంది. గుమ్మం దగ్గరున్న పిల్ల చెప్పుల జతలో ఒక చెప్పు మాత్రం సంచిలో వేసుకుని వీధిలోకి నడుస్తుంది. సాయంత్రం దాకా బస్టాండులో కూర్చుంటుంది. "బస్సు వచ్చింది. ఆమె లేచి నిలబడింది." అంతే, అక్కడితో సరి.

"ఇదేంటి, ఎక్కిందో లేదో చెప్పలేదు?" అన్నాను.

"చెప్పకపోతేనే బాగుంది" అన్నాడు నాన్న, నావైపు చూడకుండా.

రెండు వారాల తర్వాత కథ అచ్చయింది. ఎడిటర్ గారికి వాళ్ళావిడ చదివి వినిపించిందట. పొద్దున్నే ఆఫీసుకొచ్చి, "ముగింపు చెప్పకుండా అలా వదిలేయాలంటే ఎంత గుండె కావాలి! మీ నాన్నది చేయి కాదు, తూకం" అని నా ముందు నాన్నని మెచ్చుకున్నాడు. ఇక మొదలయ్యాయి ఉత్తరాలు. మా పత్రికకి వారానికి పదిహేను వస్తే గొప్ప. ఆ వారం నూటపది వచ్చాయి. అన్నిట్లో ప్రశ్న ఒకటే: ఆవిడ పిల్ల చెప్పు ఒక్కటే ఎందుకు తీసుకెళ్ళింది?

గుర్తుగా దాచుకోవడానికని ఒకరు. మతి చలించిందని ఒకరు. బస్సు కండక్టరు ఒకాయన, ఇలాంటి వాళ్ళని చాలామందిని చూశాననీ, టికెట్టు తీసుకున్నాక కూడా దిగిపోతారనీ రాశాడు. నలుగురు పిల్లల తల్లి ఒకావిడ, "చెప్పు సంగతి సరే, ఆ రోజు ఆవిడ చెప్పబోయిన మాటేంటో ఎవరూ అడగరేం?" అని రాసింది. మా కంపోజింగ్ అక్క అయితే పని మానేసి మరీ వాదించేది.

"చూడవే, తెగిపోయిన చెప్పయి ఉంటుంది. కుట్టించుకురావడానికి తీసుకెళ్ళింది" అంది ఒకరోజు.

"తెగిందని కథలో ఎక్కడుంది?"

"తెగలేదని మాత్రం ఎక్కడుంది?"

"అక్కా, లేనిది చదవకు. ఉన్నది చదువు" అన్నాను. వృత్తి అహంకారం అంటే ఏంటో అప్పట్లో నన్ను చూస్తే తెలిసేది.

నాన్న మాత్రం రోజూ గుమ్మంలోనే ఎదురయ్యేవాడు. "ఇవాళ ఉత్తరాలు ఏమంటున్నాయి?" అని అడిగేవాడు. సంచీ అందుకుని ఒక్కొక్కటీ చదివేవాడు. ఆమె తప్పకుండా తిరిగొచ్చి ఉంటుందని రాసిన వాటిని రెండోసారి చదివేవాడు. పనీపాటా లేని ముసలితనం కదా, కాలక్షేపం దొరికిందిలే అనుకున్నాను.

మూడు వారాలయ్యాక చర్చ ముగించమన్నాడు ఎడిటర్. ముగింపు మాట నన్నే రాయమన్నాడు, 'పత్రిక తీర్పు' అన్న పేరుతో. రాసి నాన్నకి చదివి వినిపించాను. "పిల్ల వెంటపడి రాకుండా ఉండటానికే ఆమె చెప్పు తీసుకుపోయింది. ఒక్క చెప్పుతో ఏ పిల్లా వీధి చివరిదాకా నడవలేదు. అంత ముందుచూపున్న మనిషికి తిరిగొచ్చే ఉద్దేశం ఉండదు. ఇలాంటి తల్లికి కారణాలు వెతకడం దండగ. కొందరికి వెళ్ళడమే కారణం."

నాన్న చేతిలో పెన్ను ఉంది. దిద్దుతాడేమో అని చూశాను. మూత పెట్టేశాడు.

"ఇంత గట్టిగా రాయాలా తల్లీ?"

"మెత్తగా రాస్తే ఎవరు చదువుతారు?"

"చదివేవాళ్ళలో ఆవిడ కూడా ఉంటుంది కదా."

"ఏ ఆవిడ?"

"రాసినావిడ."

"రాసినావిడని నేనేం అనలేదే! పాత్రని అన్నాను" అన్నాను. తీర్పు మక్కీకి మక్కీ అచ్చయింది. నేను ఎవరిమీద రాశానో నాకు తెలుసుననే అనుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా దాచుకున్న కోపానికి ఒక మంచి సాకు దొరికింది, కక్కేశాను. రెండు రోజులు ఒళ్ళు తేలిగ్గా కూడా ఉంది.

తర్వాతి సోమవారం ఎడిటర్ గది నుంచి పిలుపొచ్చింది. అక్కడ కంపోజింగ్ అక్క చేతిలో ఒక ఉత్తరంతో నిలబడి ఉంది. ఎడిటర్ కంటికి గుడ్డ తీసేశారు గానీ చదవడానికి ఇంకా అనుమతి లేదు.

"మళ్ళీ చదువమ్మా, ఈ అమ్మాయి కూడా వింటుంది" అన్నాడు.

అక్క చదివింది. "సంపాదకులవారికి, మీ తీర్పు చదివాను. నేను పంపినవి ఏడు పేజీలు. మీరు వేసినవి ఆరు. ఏడో పేజీ చదివాక కూడా మీ తీర్పు ఇదే అయితే నాకు అభ్యంతరం లేదు. ఇట్లు, వార్డెన్."

నూటపది ఉత్తరాలు, మూడు వారాల వాదన, పత్రిక తీర్పు, అన్నీ ఒక కాగితం పోయినందువల్లా?

"ఏడో పేజీ ఏదీ?" అన్నాడు ఎడిటర్.

"నాకు వచ్చినవి ఆరే సార్."

"చేతిరాత ప్రతి తెప్పించు."

అక్క వెళ్ళి పాత కాగితాల కట్ట తెచ్చింది. ఆరు పేజీలు, కింద అంకెలు ఒకటి నుంచి ఆరు దాకా. ఆరో పేజీ చివర, "లేచి నిలబడింది" కింద, ఒక ముగింపు గుర్తు. కథ రాసిన నీలి సిరా కాదు, ఆకుపచ్చ. చిన్న అడ్డగీత, దాని కింద రెండు చుక్కలు.

మా ఆఫీసులో ముగింపుకి చిన్న చదరం గీస్తాం. అడ్డగీత, రెండు చుక్కలు అచ్చుయంత్రాల కాలం నాటి గుర్తు. ఇప్పుడు అది గీసే మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు. కంపోజింగుకి ఇచ్చేటప్పుడు నేనూ దాన్ని చూశాను, అలవాటుగా పెట్టి ఉంటాడులే అనుకున్నాను. చివరి కాగితం ఎవరికీ తెలియకుండా తీసేసినవాడు, ముగింపు గుర్తు లేని కథని మాత్రం వదల్లేకపోయాడు. ముప్పై అయిదేళ్ళ అలవాటు ఆయన్ని పట్టిచ్చేసింది.

"ఈ గుర్తు ఎవరిది?" అని అడిగింది అక్క, కాగితం నా ముఖం ముందు పెట్టి.

"నాదే" అన్నాను.

ఎడిటర్ నా వైపు తిరిగాడు. "నేనొచ్చిన ముప్పై ఏళ్ళలో ఈ పత్రిక ఎవరి కథనీ కోసి వేయలేదమ్మాయ్. రెండు వారాలు టైమిస్తున్నా. ఆ పేజీ అచ్చవ్వాలి, లేకపోతే నా క్షమాపణ అచ్చవుతుంది. క్షమాపణే వేయాల్సి వస్తే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు."

సరేనని తలూపి బయటికొచ్చాను. ఇంటికొచ్చేసరికి నాన్న టేబుల్ ఫ్యాన్ విప్పి, రెక్కలు గుడ్డతో తుడుస్తున్నాడు.

"ఏడో పేజీ ఏది నాన్నా?"

చేయి ఆగింది. మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. "పారేశాను."

"ఎందుకు?"

"కథ ఆరో పేజీలోనే అయిపోయింది. తక్కినది అనవసరం."

"రచయిత రాసిన కామా ముట్టుకోవాలంటేనే పదిసార్లు ఆలోచించే మనిషివి నువ్వు. పేజీ మొత్తం అనవసరమని తీసేశావా? అక్కడ నా ఉద్యోగం ఊడేట్టుంది, తెలుసా?"

"నేనొచ్చి చెబుతాను ఎడిటర్‌కి, నేనే తీశానని."

"ఆయనకి తర్వాత చెబుదువు గానీ, ముందు నాకు చెప్పు."

రెక్కలు నేలమీద పెట్టాడు. గుడ్డ మడతపెట్టాడు. విప్పాడు. మళ్ళీ మడతపెట్టాడు.

"రాసింది మీ అమ్మ" అన్నాడు.

నేను నిలబడిన చోటే కూర్చున్నాను. కుర్చీ ఉందో లేదో చూసుకోలేదు, నేల తగిలింది. ఆ ఆరు పేజీలు నేను అచ్చుకి ముందు మూడుసార్లు, తర్వాత పదిసార్లు చదివాను. గడియారాలు బాగుచేసేవాడు, మాట మధ్యలో సరిచేసేవాడు. తప్పులు వెతకడమే బతుకైన మనిషి నా ఎదురుగా ఫ్యాన్ తుడుస్తూ ఉంటే, నా కంటికి కనబడలేదు. కనబడింది ఒక్కటే, బస్సు కోసం లేచి నిలబడిన ఆడది. ఆమెకి అచ్చులో శిక్ష వేశాను. ఆ అచ్చు ఆమె చదివింది.

తర్వాత నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఆమె మీద కాదు.

"అంటే ఏడో పేజీలో నువ్వున్నావన్నమాట" అన్నాను. "ఏం చేశావు ఆవిడని? తిరిగొస్తే గెంటేశావా? తలుపు మూసేశావా? అది నేను చదవకూడదని చించేశావు, అంతేనా?"

ఆయన గుడ్డ పక్కన పెట్టాడు.

"అవును. నేనే ఉన్నాను అందులో" అన్నాడు.

ఆ తర్వాత వారం రోజులు మా ఇంట్లో మాటల్లేవు. అన్నం పెట్టేదాన్ని, తినేవాడు. ఆయన నోరు తెరవబోతే నేను లేచి వెళ్ళిపోయేదాన్ని. ఆఫీసుకి వచ్చి ఒప్పుకుంటానన్నాడు, అవసరం లేదన్నాను. ఇంతకాలం ఈ మనిషి మంచితనం తిని పెరిగాను, అదంతా కల్తీ అని అనుకున్నాను. భార్యని గెంటేసి, కూతురి దగ్గర నోరు మెదపకుండా మంచివాడు అనిపించుకున్నవాడు. మేకవన్నె పులి అంటే వేరే ఉంటుందా? ఒక్కరోజు కూడా నాకు అనుమానం రాలేదు, నేను మళ్ళీ తీర్పు చెబుతున్నానని.

పేజీ నకలు పంపమని వార్డెన్‌కి నేనే రాశాను, పత్రిక తరఫున. కూతురిగా రాయడానికి నా దగ్గర మాటల్లేవు. పత్రికగా రాయడానికైతే మాటలు అచ్చేసి సిద్ధంగా ఉంటాయి. ఐదో రోజున జవాబొచ్చింది. ఆఫీసులో నా బల్ల దగ్గరే విప్పాను. కింద మెషిన్లు తిరుగుతున్నాయి, బల్ల సన్నగా అదురుతోంది. ఒకే ఒక్క కాగితం.

"ఆమె బస్సు ఎక్కలేదు. బస్టాండు పక్కన చెప్పులు కుట్టే అతని దగ్గర కూర్చుని, పిల్ల చెప్పుకి ఊడిన పట్టీ కుట్టించింది. దీనికోసమే కదా బయల్దేరింది అనుకుంది. అది సగం అబద్ధమని ఆమెకి తెలుసు. దీపాలు పెట్టే వేళకి ఇంటికొచ్చింది. లోపల గడియ వేసి ఉంది. తట్టింది.

'ఎవరూ?' అంది పిల్ల.

'నాన్న ఏడీ?'

'అమ్మని వెతకడానికి పోయాడు. ఎవరొచ్చినా తీయొద్దన్నాడు.'

'నేనేనమ్మా. అమ్మని.'

లోపల కాసేపు చప్పుడు లేదు.

'మా అమ్మ వెళ్ళిపోయిందని పక్కింటి అత్త చెప్పింది. నువ్వు మా అమ్మవి కాదు, పో.'

ఆమె రెండోసారి తట్టలేదు. వీధి చివర నిలబడి, అతను వెతికి వెతికి ఒక్కడే తిరిగి రావడం చూసింది. పిలవలేదు. పిల్ల చెప్పింది నిజమే అనుకుంది. కుట్టించిన చెప్పు సంచిలోనే ఉండిపోయింది."

నేను ఆ కాగితం బల్ల మీద బోర్లా పెట్టాను. ఎందుకంటే అక్షరాలు నన్ను చూస్తున్నాయనిపించింది. మా పాత ఇంటి గడియ నా ముక్కు ఎత్తులో ఉండేది. తుప్పు వాసన వేసేది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడటం నాకు గుర్తొచ్చింది. అవతల ఎవరో ఏడుస్తున్నారనీ, నాకు భయం వేసిందనీ గుర్తొచ్చింది. అది దొంగ అనుకున్నానో, కల అనుకున్నానో, ఎవరికీ చెప్పలేదు. లోకంలో ఎవరెవరినో తప్పుపడుతూ ఇరవై ఏడేళ్ళ దాన్నయ్యాను. ఆమెని వెళ్ళగొట్టింది నేను.

చెప్పకుండా లేచి ఇంటికొచ్చేశాను. నాన్న కిటికీ దగ్గర ఉన్నాడు. నా చేతిలో కాగితం చూసి, చదవకుండానే తెలుసుకున్నాడు.

"నువ్వున్నావన్నావు ఇందులో" అన్నాను.

"ఉన్నాను కదా. వెతకడానికి పోయానని ఉంది."

"నాన్నా!"

"ఐదేళ్ళ పిల్లవి. ఎవరికీ తలుపు తీయొద్దని చెప్పింది నేను. చెప్పినట్టు విన్నావు. దానికి ఇన్నేళ్ళ తర్వాత నీకు శిక్షేంటి?"

"వారం రోజులు నిన్ను నేను..." మాట పూర్తి చేయలేకపోయాను. ఆయన మధ్యలో అందుకోలేదు. పూర్తి చేస్తానేమో అని ఆగాడు.

"ఆవిడ తిరిగొచ్చిందని నీకు తెలుసా?" అని అడిగాను.

"ఆ కాగితం చదివేదాకా తెలియదు. వాళ్ళ అక్కగారింటికి ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. నా మీద విరక్తితోనే పోయింది అనుకున్నా. అది కొంత నిజమే. కానీ తిరిగొచ్చి తలుపు తట్టిందని... నేను బస్టాండులో వెతుకుతున్నప్పుడు తను ఇంటి ముందుంది."

"మరి కథ మొత్తం వెనక్కి పంపేయొచ్చుగా? ఆరు పేజీలు వేయడం దేనికి?"

"పంపేద్దామనే అనుకున్నా. చేతులు రాలేదు. తన మాట నేను చివరిదాకా వినడం అదే మొదటిసారి. అందులో ఒక్క అక్షరం దిద్దలేదు, చూశావా?" అని, కిటికీ వైపు తిరిగి, "చివరిదాకా విన్నాను, చివర మళ్ళీ నేనే కోసేశాను" అన్నాడు.

మా నాన్న ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాను. నేనూ ఆయన పక్కనే నేలమీద కూర్చుని ఏడ్చాను. పక్కింటివాళ్ళకి వినబడుతుందని కూడా అనుకోలేదు.

మర్నాడు పేజీ కంపోజింగుకి ఇచ్చాను. ఇవ్వక తప్పదా అని నాన్న అడగలేదు. ఆఫీసుకొచ్చి ఎడిటర్‌తో చెప్పేశాడు, పేజీ తీసింది తనేనని. ఎందుకో మాత్రం చెప్పలేదు. ఎడిటర్ ఆయన్ని ఏమీ అనలేక, "ఈసారి ప్రూఫు ఆవిడకే పంపండి. ఆవిడ సరే అన్నాకే అచ్చు. ఆవిడ మాటే ఆఖరి మాట" అన్నాడు. ప్రూఫుతో పాటు ఒక చీటీ వెళుతుంది, దిద్దినవాళ్ళ సంతకంతో. మామూలుగా పొడి అక్షరాలు గీకి వదిలేస్తాను. ఆ రోజు ఇంటిపేరుతో సహా నా పేరు పూర్తిగా రాశాను, ఒక్కో అక్షరం విడివిడిగా. కవరు మీద చిరునామా నాన్న రాశాడు.

వారం రోజులు మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. ప్రూఫు ఇంకా రాలేదేమని ఎడిటర్ ఒకటే గోల. గురువారం సంచిక కోసం బుధవారం పొద్దున ఆఖరి గడువు. మంగళవారం సాయంత్రం వచ్చింది కవరు.

ప్రూఫు నిండా తెలుపే. ఒక్క పిల్ల మాటల దగ్గర మాత్రం నీలి సిరా. పిల్ల "ఎవరూ?" అన్న దగ్గర్నుంచి "నువ్వు మా అమ్మవి కాదు, పో" దాకా అన్నిటి మీదా, కింద "పిల్ల చెప్పింది నిజమే అనుకుంది" అన్న వాక్యం మీదా గీత కొట్టేసి ఉంది. గీత వంకరగా పోయింది, రెండు చోట్ల కాగితం చిరిగింది. పక్కన మార్జిన్లో రాసి ఉంది: "పిల్ల నిద్రపోతోంది. ఆమె తట్టింది గానీ, వినబడేంత గట్టిగా తట్టలేదు."

దాంతో పాటు చిన్న ఉత్తరం. పైన ఎవరికి అని రాసే చోట ఖాళీ. కింద, "ఆ మాటలు నేను కల్పించినవి. ఆ రోజు పిల్ల నిద్రలో ఉంది. దానికేమీ తెలియదు. దయచేసి తీసేయగలరు."

నాన్న చదివి, ఉత్తరం తిరిగి నా చేతికిచ్చాడు. "అలాగే చేసెయ్ తల్లీ. ఆవిడ కోరుకుంటోంది" అన్నాడు. అమ్మా నాన్నా ఇద్దరూ, ఒకరికొకరు చెప్పుకోకుండానే, నా కోసం ఒకే అబద్ధం ఆడారు.

బుధవారం పొద్దున ప్రూఫు తీసుకుని కంపోజింగ్ గదిలోకి వెళ్ళాను. కొట్టేసిన మాటని మళ్ళీ ఉంచాలంటే దాని కింద చుక్కలు పెడతాం. 'ఉండనీ' అని అర్థం. రచయిత కొట్టేసిన దాని కింద చుక్కలు పెట్టే అధికారం ప్రూఫులు చూసేవాళ్ళకి లేదు. నాన్న ముప్పై అయిదేళ్ళలో ఒక్కసారి పెట్టలేదు. అక్క బల్ల మీదే కాగితం ఆనించి, ఆకుపచ్చ సిరాతో ఆ వాక్యాలన్నిటి కిందా చుక్కలు పెట్టాను. ఒక్క అక్షరం వదల్లేదు.

అక్క కళ్ళజోడు పైకి తోసుకుని చూసింది. "ఏమే, నీకు మతి పోయిందా? ఆవిడ కొట్టేసింది కదా. కల్పించానని రాసింది కూడా. ఉంచడానికి నువ్వెవరివి?"

"ఆవిడ కల్పించలేదు అక్కా" అన్నాను. "ఆ మాటలు అన్నది నేనే."